సగటు కిటికీ

బాగా నడుస్తున్న చిన్న వ్యాపారాన్ని చూస్తే నాకు జాలేస్తుంది.

నవ్వకండి! నడవని వ్యాపారానికి ఏ బెంగా లేదు. అది మూతపడుతుంది, యజమాని హాయిగా ఉద్యోగం వెతుక్కుంటాడు. నడిచేదానిదే పాపం. పొద్దున్నే షట్టర్ తియ్యాలి, వచ్చినవాళ్ళకి కావలసింది ఇవ్వాలి, వాళ్ళు సంతోషంగా వెళ్తుంటే చూస్తూ కూర్చోవాలి. ఇందులో విజన్ ఎక్కడుంది? మిషన్ ఎక్కడుంది? పోనీ, పది పేజీల రోడ్‌మ్యాప్ అయినా ఉందా?

అందుకే ఈ వారం ఒక మాట ఖండితంగా చెబుతున్నాను. ఎదుగుతున్న ప్రతి చిన్న దుకాణానికీ ఒక ఐటీ స్ట్రాటజీ ఉండి తీరాలి. ఎక్కడో విని చెబుతున్న మాట కాదిది. మా సొంత అక్క దుకాణంలో కళ్ళారా చూశాను.

మా అక్కది కర్టెన్ల దుకాణం. నాన్నా, బాబాయీ కలిసి ఒకే గదిలో, ఒకే కుట్టుమిషన్‌తో మొదలుపెట్టారు. నాన్న పోయాక అక్క చేతికొచ్చింది. మా అక్క చెయ్యి మంచిది. పదేళ్ళలో ఒక గది మూడు గదులైంది, ఒక మిషను పదకొండు మిషన్లయింది, పక్క వీధిలో రెండో బ్రాంచికి బోర్డు కూడా రాయించింది.

ఆ దుకాణానికో పేరుంది. మీ ఇంటి కిటికీలు ఒక్కసారి కొలిచారంటే ఇక జన్మలో మళ్ళీ కొలవడానికి రారు. పదేళ్ళ తర్వాత మీరు ఫోన్ చేసి, "హాల్లోవి వెలిసిపోయాయండీ, మళ్ళీ అవే సైజులు" అంటే చాలు. రంగు చెప్పండి, వారంలో వచ్చి వేలాడతాయి. అంగుళం తేడా ఉండదు. కొలతలవాడి కోసం మీరు సెలవు పెట్టి ఇంట్లో కాపలా కూర్చోనక్కర్లేదు. ఎదురుగా అద్దాల షోరూమ్ పెట్టినవాళ్ళు ఎంత గింజుకున్నా ఈ విద్య వాళ్ళకి పట్టుబడలేదు.

మరి ఎలా సాధ్యం? చెప్పుకోవడానికే సిగ్గుచేటు.

పురికొస!

కోత గదిలో వెనక గోడ నిండా వరసలు వరసలుగా మేకులు. మేకుకో పురికొస చుట్ట. చుట్టకో ఇల్లు. బాబాయ్ ఏ ఇంటికెళ్ళినా టేపు తీసేవాడు కాదు. పురికొస కిటికీకి అడ్డంగా పట్టి ఒక ముడి, నిలువుగా పట్టి ఇంకో ముడి. గది మారితే జంట ముడి. దుకాణానికొచ్చి ఆ చుట్టని మేకుకి తగిలిస్తే ఆ ఇంటి కిటికీలన్నీ మన గోడ మీద ఉన్నట్టే. చుట్టకి పేరుండదు, చీటీ ఉండదు. మేకే పేరు. పై వరస పార్కు వీధి, దాని కిందది స్టేషన్ రోడ్డు, స్విచ్‌బోర్డు పక్కనున్నవి కొత్త కాలనీ. మొత్తం ఆరువందల పన్నెండు చుట్టలు. ఆ గోడ వంక చూస్తే బాబాయ్‌కి ఊరు కనిపించేది. మిగతావాళ్ళకి పురికొస కనిపించేది.

ఒకసారి ఓ పెద్దింటావిడ కోత గదిలోకి తొంగిచూసి, "ఏమ్మా, చేపల వలలు కూడా అల్లుతున్నారా?" అంది. అక్క నవ్వేసింది గానీ, ఆ మాట ముల్లులా గుచ్చుకుంది. ఎదురు షోరూమ్‌లో గోడంత స్క్రీన్ ఉంది మరి. వేలు పెడితే కర్టెన్ రంగు మారుతుంది.

అయితే అక్క నాకు ఫోన్ చేసింది సిగ్గుతో కాదు, భయంతో. ఆ మధ్యాహ్నం బాబాయ్ చెయ్యి పైకెత్తి, గోడ ముందు అలాగే నిలబడిపోయాడట. ఒక నిమిషం. రెండు నిమిషాలు.

"ఏంటి బాబాయ్, ఏం కావాలి?"

"ఏం లేదు తల్లీ. లైబ్రరీ మాష్టారి ఇల్లు... ఆఁ, ఇదిగో. ఇక్కడే ఉంది, ఎక్కడికి పోతుంది!"

చుట్ట దొరికింది. కానీ అక్క వెంటనే ఫోన్ అందుకుంది. ఇన్నేళ్ళలో ఆయన ఒక్క క్షణం వెతుక్కోగా చూడలేదు తను.

"ఒరే, బాబాయ్‌కి డెబ్బై ఆరు నిండాయి. ఆ గోడ ఆయనకి తప్ప ఒక్కళ్ళకీ తెలీదు. ఆయన తలకాయలో ఉన్నదాన్ని కాగితం మీదకో కంప్యూటర్లోకో దించాలి. ఎలాగో చెప్పరా. నువ్వు పేపర్లో పెద్ద పెద్ద విషయాలు రాస్తావు కదా!"

పాఠకులారా, ఈ ప్రశ్న చూశారా? ఎంత చిన్న ప్రశ్న! ఎంత ఇరుకు ప్రశ్న! ఇలాంటిదానికి జవాబు చెప్పడం నా స్థాయికి తగునా? డిజిటల్ విప్లవం మీద నేను రెండు వ్యాసాలు చదివి మూడు వ్యాసాలు రాసినవాణ్ని.

"అక్కా, నీకు కావలసింది జవాబు కాదు. స్ట్రాటజీ!" అన్నాను.

"అదెక్కడ దొరుకుతుందిరా?" అంది పిచ్చిది.

నాకు తెలుసు ఎక్కడ దొరుకుతుందో. ఒక సెమినార్‌లో టీ విరామంలో పరిచయమైన సలహాదారు ఒకాయన ఉన్నాడు. బాంకులకీ ఫ్యాక్టరీలకీ స్ట్రాటజీలు వేసే మనిషి. కర్టెన్లంటే చులకనగా చూస్తాడేమో అనుకున్నాను. లేదు! "స్కేల్ ముఖ్యం కాదు, మైండ్‌సెట్ ముఖ్యం" అన్నాడు. ఆ మాటకే నేను ఫ్లాటయిపోయాను.

ఆయన దుకాణానికి వచ్చిన మొదటిరోజే కుట్టేవాళ్ళు ఆయనకి పేరు పెట్టేశారు. రోడ్‌మ్యాప్. ఆయన నోట్లోంచి మూడు మాటలకోసారి ఆ మాటే వచ్చేది. అంచులు కుట్టే ఓవర్‌లాక్ మిషన్ మీద ఇరవై ఏళ్ళుగా కూర్చున్న అత్త అయితే, "అమ్మా, రోడ్‌మ్యాప్ గారొచ్చారు, కుర్చీ వెయ్యండి" అని నోరారా పిలిచేది.

రెండు నెలలు అధ్యయనం చేశాడాయన. ఊరికే అన్నారా, నిదానమే ప్రధానమని! సంస్థతో సంబంధం ఉన్న ముఖ్యుల జాబితా తయారుచేసి ఒక్కొక్కరితో గంటసేపు మాట్లాడాడు. అక్కతో మాట్లాడాడు. నాతో మూడుసార్లు మాట్లాడాడు. ప్రింటర్ బాగుచేసే అతనితో కూడా మాట్లాడాడు. బాబాయ్ ఆ రెండు నెలలూ పక్క గదిలో గుడ్డ కోస్తూనే ఉన్నాడు. తలుపు తీసే ఉంది. ఎవరూ లోపలికి వెళ్ళలేదు. అయినా ప్రతివాడి దగ్గరా కూర్చుంటే స్ట్రాటజీ ఎప్పుడు తయారవుతుందండీ?

తయారైంది. అరవై నాలుగు పేజీలు! పట్టుకుంటే ఎంత బరువుందో. అక్క దాన్ని రెండు చేతులతో అందుకుని, కుట్టేవాళ్ళందరి ముందూ బల్ల మీద పెట్టింది. ఆవిడ మొహంలో ఆ వెలుగు నేనెప్పుడూ చూడలేదు. తన దుకాణం గురించి అంత పెద్ద పుస్తకం ఎవరైనా రాస్తారని ఆవిడ అనుకోలేదు పాపం.

అందులో అన్నీ ఉన్నాయి. ఇప్పుడెలా ఉన్నాం, ఐదేళ్ళకి ఎలా ఉండాలి, నాలుగు దశలు, రంగురంగుల బాణాలు. క్లౌడ్ ఉంది. ఆ క్లౌడ్ పడిపోతే వాడుకోడానికి రెండో క్లౌడ్ ఉంది. భూకంపం వస్తే ఏం చెయ్యాలో ఉంది. బాబాయ్ కూడా ఉన్నాడు. నలభై ఒకటో పేజీలో, ప్రమాదాల పట్టికలో, మూడో వరసలో. "సింగిల్ పాయింట్ ఆఫ్ ఫెయిల్యూర్: ఒక వృద్ధ కట్టర్. పరిష్కారం: మూడో దశలో."

బాబాయ్ కళ్ళజోడు సర్దుకుని ఆ వరస మీద వేలు పెట్టాడు.

"ఇది నా గురించేనా? అంటే ఏంట్రా అర్థం?"

"అంటే, నువ్వు లేకపోతే ఏదీ నడవదని బాబాయ్."

"నిజంగా అలా రాశారా!" అన్నాడు. ఆ పూటంతా ఆయన మొహం వెలిగిపోయింది. ఓవర్‌లాక్ అత్తని పిలిచి ఆ పేజీ చూపించాడు కూడా.

చూశారా, స్ట్రాటజీ మనుషులకి ఎంత గౌరవం తెచ్చిపెడుతుందో!

ఇక మొదటి దశ. దాని పేరు "కంటికి కనిపించే మార్పు". దుకాణంలో కంటికి ఎక్కువగా కనిపించేది ఏమిటి? గోడ. కాబట్టి గోడ ఖాళీ చేయబడింది. మేకులు పీకబడ్డాయి. తెల్లరంగు వేయబడింది. పురికొస చుట్టలు జాగ్రత్తగా నాలుగు గోనెసంచుల్లోకి చేర్చబడ్డాయి. సెలవురోజు చూసుకుని, బాబాయ్ దుకాణంలో లేనప్పుడు, ఆయన మనసు నొచ్చుకోకుండా ఈ పని చేయబడింది. ఎవరు చేశారన్నది స్ట్రాటజీకి సంబంధించిన విషయం కాదు.

పాత బిల్లు పుస్తకాలు కూడా తూకానికి వెళ్ళిపోయాయి. పేపర్‌లెస్ ఆఫీసు అన్నాక పేపరుంటే ఎలా?

గోడ మీద పెద్ద టీవీ బిగించారు. దాన్ని డాష్‌బోర్డ్ అంటారు. అందులో గుండ్రాలు ఉంటాయి. పని బాగుంటే ఆకుపచ్చ, బాగోకపోతే ఎరుపు. మర్నాడు బాబాయ్ వచ్చాడు. కత్తెర చేత్తో పట్టుకుని ఆ టీవీ వంక చూస్తూ నిలబడ్డాడు.

"బాగుందమ్మాయ్. శుభ్రంగా ఉంది," అన్నాడు.

ఆ పూట టీ తాగలేదని ఓవర్‌లాక్ అత్త తర్వాత చెప్పింది. అక్కకి లోపల ఏదో కలుక్కుమంది. కానీ ఆ వారమే, చేపల వలలన్న పెద్దింటావిడ మళ్ళీ వచ్చి, "అబ్బో, ఇప్పుడు కదా దుకాణంలా ఉంది!" అంది. ఆ కలుక్కుమన్నది సర్దుకుంది.

బాబాయ్‌కి కొత్త హోదా వచ్చింది. సలహా సభ్యుడు. కోత బల్ల దగ్గర నిలబడే పని తప్పింది, ముందు గదిలో ఫ్యాన్ కింద కుర్చీ వేశారు. డెబ్బై ఆరేళ్ళ మనిషికి ఇంతకన్నా సుఖం ఏముంటుంది? ఆ కుర్చీలో ఆయన రోజంతా కూర్చుని, వచ్చేపోయేవాళ్ళ చొక్కాల కోత ఎలా ఉందో చూసేవాడు. అప్పుడప్పుడు కూర్చున్నచోటే జేబులోంచి పురికొస ముక్క తీసి ముడి వేసేవాడు, విప్పేవాడు.

లాగిన్ల గురించి చెప్పకపోతే నేను పాపం మూటగట్టుకుంటాను. పదకొండు మంది కుట్టేవాళ్ళకీ పదకొండు పాస్‌వర్డ్‌లు. ఒక్కో కర్టెన్ అంచు కుట్టగానే లేచి, చేతులు దులుపుకుని, టాబ్లెట్‌లో "అంచు పూర్తి" అని నొక్కాలి. కుచ్చిళ్ళు పెట్టాక "కుచ్చిళ్ళు పూర్తి". పాస్‌వర్డ్‌లో ఒక పెద్దక్షరం, ఒక అంకె, ఒక గుర్తు ఉండాలి. నెలకోసారి మార్చాలి. ఇది భద్రత! ఓవర్‌లాక్ అత్త ఆ భద్రతని చాక్‌పీసుతో మిషన్ మీద పెద్ద పెద్ద అక్షరాలతో రాసుకుంది. మిగతా పదిమందీ అదే చూసి అదే వాడుకున్నారు. పూర్వం వీళ్ళు రోజుకి నలభై కర్టెన్లు కుట్టేవాళ్ళు. ఇప్పుడు ఇరవై ఆరు కుడుతున్నారు. కానీ ఆ ఇరవై ఆరూ ఏ నిమిషంలో కుట్టారో మనకి తెలుసు. పూర్వం ఆ నలభై గురించి మనకేం తెలుసు చెప్పండి?

ఇప్పుడు అసలు ఘనకార్యానికి వస్తున్నాను.

పైలట్ ప్రాజెక్టు కింద ముప్పై మంది ఖాతాదారుల కొలతలు సిస్టమ్‌లో ఎక్కించాలన్నారు. చుట్టలు సంచుల్లోకి వెళ్ళకముందు బాబాయ్ చేత ఆ ముప్పై చదివించారు. కౌంటర్ దగ్గర కూర్చునే అమ్మాయి రాసుకుంది. చురుకైన పిల్ల, లెక్కల్లో దిట్ట. ఎక్కిద్దామని కూర్చుంటే ఫారంలో రెండే గడులున్నాయి. కిటికీ వెడల్పు, కిటికీ ఎత్తు. అంతే! ఒక ఖాతాదారుడికి ఒక కిటికీ. ఆ సాఫ్ట్‌వేర్ నిజానికి పరుపుల దుకాణం కోసం తయారైందట. పరుపైతే ఒక మనిషికి ఒకటి చాలు కదా.

ఆ అమ్మాయి సలహాదారుకి మెసేజ్ పెట్టింది. "సార్, ఒక్కో ఇంట్లో ఏడెనిమిది కిటికీలు ఉన్నాయి. ఒక్కో కిటికీ ఒక్కో సైజు. ఏది ఎక్కించాలి?"

నాలుగు రోజుల తర్వాత జవాబొచ్చింది. "ప్రస్తుతానికి యావరేజ్ ఎక్కించండి. రెండో దశలో చూద్దాం."

పిల్ల బుద్ధిమంతురాలు. అన్ని వెడల్పులూ కూడింది, కిటికీల సంఖ్యతో భాగించింది. అన్ని ఎత్తులూ కూడింది, భాగించింది. రెండు దశాంశాల దాకా వేసి ఎక్కించింది. రాసుకున్న కాగితం చించి పారేసింది. పేపర్‌లెస్ మరి!

అలా పుట్టింది సగటు కిటికీ. ఏ ఇంట్లోనూ లేని కిటికీ! ఏ మేస్త్రీ కట్టని కిటికీ! దాంట్లోంచి గాలి రాదు, వెలుతురు రాదు, పక్కింటివాళ్ళు కనపడరు. కానీ రిపోర్టులో ఎంత ముచ్చటగా ఉంటుందో.

అప్పుడే పిల్లల ఆస్పత్రి నుంచి ఆర్డర్ వచ్చింది. అక్కడి డాక్టరమ్మ నాన్న కాలం నుంచీ మన ఖాతా, సిస్టమ్‌లో ఎక్కించిన ఆ ముప్పైలో ఒకటి. ఇరవై ఆరు కిటికీలు. "అన్నీ మార్చెయ్యమ్మా, వార్డుల్లో ఎండ పడుతోంది, పిల్లలు మధ్యాహ్నం నిద్రపోలేకపోతున్నారు" అని ఫోన్‌లోనే చెప్పేసింది. ఎప్పటిలాగే.

ఆ ఆస్పత్రి ఒక్కసారి కట్టింది కాదు. ఒక్కో గదీ ఒక్కో ఏడు అతికించుకుంటూ పోయారు. అందుకని ఏ రెండు కిటికీలూ ఒక్క పోలికలో ఉండవు. సిస్టమ్ చీటీ ఇచ్చింది. ఇరవై ఆరు కిటికీలు, ఒకే సైజు. బాబాయ్ బదులు పెట్టిన కొత్త కట్టర్ చీటీ చూసి కోశాడు.

ఓవర్‌లాక్ అత్త మాత్రం అంచులు కుడుతూ కుడుతూ ఆగింది.

"ఏమ్మా, ఆస్పత్రి కిటికీలన్నీ ఒక్కలాగే అయిపోయాయా ఇప్పుడు? బాబాయ్ గారు ప్రతిసారీ ఆ బిల్డింగ్ కట్టినవాణ్ని తిట్టుకుంటూ కోసేవారే!"

అక్క డాష్‌బోర్డ్ వంక చూసింది. ఆకుపచ్చ. నూటికి నూరు. ముందు గదిలో కుర్చీలో బాబాయ్ ఉన్నాడు. లేచి పది అడుగులు వేసి ఆయన్ని అడిగితే సరిపోయేది. అడుగుదామనే అనుకుంది. కానీ అడిగితే ఆ అరవై నాలుగు పేజీలనీ అనుమానించినట్టవుతుంది. తెచ్చిన తమ్ముణ్ని అనుమానించినట్టవుతుంది. "సిస్టమ్‌లో అలాగే ఉందిలే అత్తా, కానివ్వు," అంది.

ఆస్పత్రిలో రాడ్లు బిగించే అతన్ని అందరూ నిచ్చెన అంటారు. మనిషే అంత పొడుగు. మొదటి వార్డులో మూడు కర్టెన్లు తగిలించి ఫోన్ చేశాడు.

"అక్కా, ఒకసారి రావాలి నువ్వు."

"ఏమైంది?"

"చెబితే బాగోదక్కా. వచ్చి చూడు."

అక్క వెళ్ళింది. ఒక కిటికీకి కర్టెన్ మోకాళ్ళ దాకా లాక్కున్న లంగాలా ఉంది. ఇంకో కిటికీకి నేల మీద జానెడు పొర్లుతోంది. మెట్ల దగ్గర సన్న కిటికీకి ఇటు గోడా అటు గోడా కప్పేసింది. పెద్ద వార్డులో పొడుగు కిటికీలకి సగానికే వచ్చి ఆగింది. కిందనుంచి మధ్యాహ్నపు ఎండ నేరుగా మంచాల మీద పడుతోంది. జ్వరంతో ఉన్న ఒక చిన్నపిల్ల మొహానికి వాళ్ళమ్మ చేతిని అడ్డం పెట్టుకుని కూర్చుంది. చెయ్యి నొప్పెడితే చెయ్యి మార్చుకుంటోంది.

న్యాయంగా చెప్పాలంటే ఒక్క కిటికీకి మాత్రం అతికినట్టు సరిపోయింది. రెండో అంతస్తులో, చీపుళ్ళు పెట్టుకునే గదికి.

డాక్టరమ్మ కోప్పడలేదు. కోప్పడినా బాగుండేదని అక్క తర్వాత నాతో అంది.

"మీ నాన్నా, బాబాయీ ఇన్నేళ్ళలో ఏ కిటికీనీ రెండోసారి కొలవడానికి రాలేదమ్మా. ఒక్కసారి కూడా తప్పు రాలేదు. బాబాయ్ గారు బాగున్నారా?" అంది. అంతే అంది.

అక్క ఆటోలో ఏడ్చుకుంటూ వచ్చింది. చెప్పులు కూడా విప్పకుండా ముందు గదిలో కుర్చీ దగ్గరికి వెళ్ళి నేల మీద కూర్చుంది.

"బాబాయ్, ఆస్పత్రి చుట్ట కావాలి."

ఆయన ఏమైందని అడగలేదు. లేచి గోనెసంచుల దగ్గరికెళ్ళి మోచేతుల దాకా చేతులు పెట్టాడు. ఆస్పత్రిది అన్నిటికన్నా పెద్దది, కొబ్బరికాయంత ఉంటుంది. వెంటనే దొరికింది. కుర్చీని తన్నేసి కోత బల్ల దగ్గర నిలబడ్డాడు. ఆ బిల్డింగ్ కట్టినవాణ్ని తిట్టుకుంటూ నాలుగు రోజుల్లో ఇరవై ఆరూ కోసి పడేశాడు. ఆ నాలుగు రోజులూ టాబ్లెట్ ఎవరూ ముట్టుకోలేదు. డాష్‌బోర్డ్ ఎర్రగా కందిపోయింది. కర్టెన్లు సరిగ్గా సరిపోయాయి.

హమ్మయ్య, కథ కంచికి చేరింది అనుకున్నారు కదూ? మేమూ అలాగే అనుకున్నాం.

మర్నాడు ఫోన్ మోగింది. "లైబ్రరీ మాష్టారి ఇంటి నుంచండీ. పడగ్గదివి మళ్ళీ అవే సైజులు కుట్టిపెట్టండి."

బాబాయ్ హుషారుగా సంచుల దగ్గరికెళ్ళాడు. ఒక చుట్ట తీశాడు, ముడులు తడిమాడు, పక్కన పెట్టాడు. ఇంకోటి తీశాడు. ఇంకోటి. నేను అక్కడే ఉన్నాను. ఆయన తల ఎత్తి టీవీ వంక చూశాడు. టీవీకి ఎడమపక్క, కొంచెం పైన, తెల్లగోడ మీద వేలు పెట్టాడు.

"మాష్టారిది ఇక్కడ ఉండేదిరా. నాలుగో వరస, ఐదో మేకు. కళ్ళు మూసుకుని తీసేవాణ్ని."

"మరి ఈ సంచిలో ఏదో తెలీదా బాబాయ్?"

"మేకు లేదు కదరా."

ఒక చుట్ట నా చేతిలో పెట్టాడు. "చూడు, ఇది మూడు గదులు. పడమటి వైపు మంచి పెద్ద కిటికీ, ఇంత ఎత్తు. ఎంత వెలుతురు వస్తుందో ఆ ఇంట్లో..." అని ఆగిపోయాడు.

"ఎవరిల్లు?"

"ఎవరిదోరా," అన్నాడు. నా మొహంలోకి చూడలేకపోయాడు, తప్పు తనదైనట్టు.

అప్పుడు కౌంటర్ అమ్మాయి మెల్లిగా అంది. "గోడ దింపే ముందు మేకు మేకుకీ ఒక నంబరు చీటీ కట్టి, ఫోన్‌తో ఒక్క ఫోటో తీసుంటే సరిపోయేది కదండీ. తాతగారిని అడిగి ఏ నంబరు ఎవరిల్లో నేను రాసుకునేదాన్ని. వారం పని."

వారం పని! అరవై నాలుగు పేజీల్లో, రెండు క్లౌడ్‌ల్లో, ఎనిమిది నెలల్లో ఎవరికీ తట్టని స్ట్రాటజీ అది. మూడో దశ దాకా ఆగాల్సిన పని లేనిది. అక్క మొదటిరోజు అడిగిన ప్రశ్నకి జవాబు అదే. ఒక పెన్నూ, ఒక నోటుబుక్కూ, బాబాయ్ పక్కన ఒక స్టూలూ. ఆ స్టూలు మీద కూర్చోవలసినవాణ్ని నేను. కూర్చోకుండా సలహాదారుని పిలుచుకొచ్చాను. ఇంకో మాట కూడా చెప్పేస్తాను, దాచుకుని ఏం లాభం? ఆ సెలవురోజు గోడ ఎక్కి మేకులు పీకిందీ, చుట్టలు కలగాపులగం చేసి సంచుల్లో కుక్కిందీ నేనే.

అక్క నన్ను తిట్టలేదు. నోటుబుక్కూ, టేపూ నా చేతిలో పెట్టి, "పో," అంది.

రోడ్‌మ్యాప్ గారు ఇంకో పెద్ద కంపెనీకి వెళ్ళిపోయారు. మా దుకాణం విజయగాథ ఇప్పుడు ఆయన వెబ్‌సైట్‌లో ఉంది. ఫోటోలో తెల్లగోడ ఎంత బాగా పడిందో!

అందుకే పాఠకులారా, ఒక చిన్న మనవి. బిల్లు పుస్తకాలు లేవు, గోడ లేదు, సిస్టమ్‌లో ఉన్న ఆ ముప్పై మంది తప్ప మా ఖాతాదారులెవరో మాకే తెలీదు. కాబట్టి ఎప్పుడైనా మీ వీధిలో నడివయసు మనిషి ఒకడు, చేతిలో టేపుతో, మెడ వెనక్కి వంచి మీ కిటికీల వంక గుడ్లప్పగించి చూస్తూ కనబడితే పోలీసులకి ఫోన్ చెయ్యకండి. నేనే. మీ కర్టెన్ అంచు మా ఓవర్‌లాక్ అత్త కుట్టిందేనా అని చూస్తున్నానంతే. తలుపు కొడతాను. మీ పేరు రాసుకుంటాను, కిటికీలన్నీ కొలుచుకుంటాను. సగటు తియ్యను, ఒట్టు.

సాయంత్రం నేను వెళ్ళేసరికి బాబాయ్ సంచి ముందు స్టూలు వేసుకుని కూర్చుని ఉంటాడు. నేను కొలతలు చదువుతుంటే ఆయన చుట్టలు తడుముతాడు. సరైన చుట్ట చేతికి తగలగానే, "ఆఁ! మెట్ల పక్కన జామచెట్టు ఉంటుంది, కుక్క కరుస్తుంది, ఇంటావిడకి ఆకుపచ్చ రంగంటే పడదు!" అని గడగడా చెప్పేస్తాడు. అప్పుడు తెల్లగోడకి ఒక మేకు కొట్టి ఆ చుట్ట తగిలిస్తాడు. నేను కింద పేరు రాసి అతికిస్తాను. ఇప్పటికి పంతొమ్మిదయ్యాయి. ఇంకా ఐదువందల తొంభైమూడు ఉన్నాయి, ఆయనకి డెబ్బై ఏడు నిండాయి. నిన్న రెండు చుట్టలు సరైనవే చేతిలోకి వచ్చినా పోల్చుకోలేక మళ్ళీ సంచిలో వేసేశాడు.

తలుపు కొడితే కొంచెం తొందరగా తియ్యండి.